స్నేహితులతో తిరగడానికి బీచ్ కాటమరాన్: ఉత్తర తెలంగాణ వారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పడవల గురించి దొరికే సలహాలు ఎక్కువగా సముద్రపు ఒడ్డును దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన నీళ్లు వేరు: అడుగున బురద, ఎండకాలం బయటపడే చెట్ల మోడులు, ఒకవైపు పొడవునా రాతి కట్ట. ఆ తేడాలు తెలిసి కొంటే పడవ ఏళ్ల తరబడి పనికొస్తుంది.

బీచ్ కాటమరాన్ అంటే ఎలాంటి పడవ? సముద్రం లేని వరంగల్‌లో దానితో పనేంటి?

రెండు సన్నని హల్‌లు, అంటే నీటిలో తేలే పడవ దేహాలు, వాటిని కలిపే రెండు అల్యూమినియం అడ్డబీములు, మధ్యలో బిగించి కట్టిన ట్రాంపొలిన్ అనే గట్టి పట్టా. కూర్చునేది ఆ ట్రాంపొలిన్ మీదే. ఇంజన్ ఉండదు, తెరచాపే బలం. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ తీసుకొచ్చిన హోబీ 14, ఆ తర్వాత వచ్చిన హోబీ 16తో ఈ రకం ప్రపంచమంతా పాకింది. ఒక్క హోబీ 16లే లక్షకు పైగా తయారయ్యాయి.

దీనికి జెట్టీ అక్కర్లేదు. మోకాలి లోతు కూడా లేని నీటిలో తేలుతుంది, ఒడ్డు మీద నుంచి తోసుకుంటూ దించొచ్చు. మన చెరువుల శిఖంలో ఒడ్డు మెల్లగా వాలుతూ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఈ గుణం బాగా కలిసొస్తుంది.

మేం ఐదుగురం దోస్తులం. ఎంత పెద్ద పడవ కావాలి?

పొడవు సంగతి తర్వాత, ముందు బరువు లెక్క వేయండి. మనిషికి 75 కిలోల చొప్పున ఐదుగురు 375 కిలోలు. లైఫ్ జాకెట్లు, నీళ్ల సీసాలు, లంగరు, తెడ్డు కలిపి ఇంకో 15 కిలోలు. మొత్తం 390.

హోబీ 16 మోయగల గరిష్ఠ బరువు 363 కిలోలు. దానికన్నా చిన్నదైన హోబీ వేవ్‌కూ తయారీదారు చెప్పే హద్దు అదే. అంటే ఐదుగురికి ఈ రెండూ చాలవు. హోబీ గెటవే హద్దు 454 కిలోలు, మీ లెక్క అందులో ఇముడుతుంది.

అయితే గరిష్ఠ బరువు అంటే దాటకూడని హద్దే, హాయిగా నడిచే హద్దు కాదు. అంత బరువుతో హల్‌లు లోతుగా దిగి పడవ మందగిస్తుంది, తిరగనని మొరాయిస్తుంది. హాయిగా నడవాలంటే వేవ్ మీద ఇద్దరు, హోబీ 16 మీద ఇద్దరు ముగ్గురు, గెటవే మీద నలుగురు అనుకోండి. ఐదుగురు ఉంటే ఇద్దరు ఒడ్డున ఉండి వంతులవారీగా ఎక్కడం ఇంకా మంచిది. ఒడ్డున కళ్లప్పగించి చూసేవాళ్లు ఉండటం భద్రతకు కూడా అవసరమే.

ఫైబర్‌గ్లాసా, ప్లాస్టిక్కా?

మన జలాశయాలకు ప్లాస్టిక్. ఈ విషయంలో రెండో మాట లేదు.

హోబీ 16, నాక్రా, డార్ట్ 18 లాంటివి ఫైబర్‌గ్లాస్ పడవలు. తేలిక, వేగం, మరమ్మతు సులువు. ఫైబర్ పని తెలిసిన మెకానిక్ రెజిన్, గ్లాస్ మ్యాట్‌తో చిల్లు పూడ్చేస్తాడు. కానీ రాయి తగిలితే పగులుతాయి. వేవ్, గెటవే, డార్ట్ 16 లాంటివి పాలిథిలిన్‌ను అచ్చులో తిప్పి పోసిన రోటోమోల్డ్ పడవలు. గులకరాళ్ల మీద లాగినా గీతలే పడతాయి. బరువు మాత్రం ఎక్కువ: హోబీ 16 సుమారు 145 కిలోలైతే అదే పొడవున్న గెటవే సుమారు 175 కిలోలు. పైగా ప్లాస్టిక్‌కు రెజిన్ అంటదు. చీలితే ప్లాస్టిక్ వెల్డింగే దారి.

ముప్పై కిలోల తేడా ఒడ్డున నలుగురు పట్టుకుంటే పెద్ద భారం కాదు. నీళ్ల కింద గుండు తగిలినప్పుడు మాత్రం ప్లాస్టిక్ విలువ తెలుస్తుంది.

డాగర్‌బోర్డులు ఉన్నది తీసుకోవచ్చా?

డాగర్‌బోర్డు అంటే హల్‌లో నుంచి కిందికి దించే పలక. పడవ పక్కకు జారకుండా ఆపి, గాలికి ఎదురుగా పదునైన కోణంలో పోనిస్తుంది. నాక్రా పడవలు చాలావాటికి ఇవి ఉంటాయి.

మాఘం దాటాక మన రిజర్వాయర్లలో నీళ్లు దిగుతూ పోతాయి. అప్పటిదాకా లోతున ఉన్న చెట్ల మోడులు, ముంపు గ్రామాల గోడలు, బావుల గడ్డలు నీటిమట్టానికి కాస్త కిందికి వస్తాయి. వేగంగా పోతూ పలక దానికి తగిలితే పలక విరగడం ఒక్కటే కాదు, అది దిగే పెట్టె పగిలి హల్‌లోకి నీళ్లొస్తాయి. హోబీ 16కు ఒంపు తిరిగిన హల్ ఆకారమే పలక పని చేస్తుంది. డార్ట్ 18, గెటవే, వేవ్‌లకు హల్ అడుగునే చిన్న రెక్కలా ఉంటుంది. ఇలాంటివే తీసుకోండి. ఎదురుగాలిలో కొంచెం ఎక్కువ జారుతాయి, తిరగడంలో బద్ధకిస్తాయి, అది భరించదగ్గ నష్టమే.

చుక్కానులు మాత్రం ఏ పడవకైనా కిందికి ఉంటాయి. దెబ్బ తగిలితే వాటిని వదిలి పైకి లేవనిచ్చే గొళ్లెం లాంటి కామ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో కొనేముందు చేత్తో లాగి చూడండి.

మాస్ట్, అంటే తెరచాప స్తంభం, పైన గాలి బుడగలాంటిది ఉంటుంది. అది నిజంగా అవసరమా?

మిగతా సౌకర్యాలన్నీ వదులుకున్నా దీన్ని వదలొద్దు. కాటమరాన్ పక్కకు బోల్తా పడ్డాక, మాస్ట్ మునిగితే పూర్తిగా తలకిందులవుతుంది. హోబీ 16 మాస్ట్ 8 మీటర్ల పైచిలుకు. మన చెరువుల్లో చాలాచోట్ల లోతు అందులో సగం. తలకిందులైన పడవ మాస్ట్ నేరుగా నల్లబురదలో దిగబడుతుంది, గాలి హల్‌లను తోస్తున్నకొద్దీ వంగుతుంది. అప్పుడు మోటారు బోటు రావాల్సిందే.

ఈ బుడగ, అంటే మాస్ట్ ఫ్లోట్, ఉంటే పడవ పక్కమీదే ఆగుతుంది, మీరే లేపుకోవచ్చు. వేవ్, గెటవేలకు ఇది ఉంటుంది. హోబీ 16కు విడిగా బిగించుకోవాలి.

బూమ్, జిబ్, ట్రాపీజ్, స్పిన్నకర్... వీటిలో ఏవి కావాలి?

బూమ్ అంటే పెద్ద తెరచాప అడుగున ఉండే గొట్టం. పడవ మలుపు తిరిగినప్పుడు ట్రాంపొలిన్ మీదుగా దూసుకొస్తుంది. కొత్త స్నేహితులను ఎక్కించుకునే పడవకు బూమ్ లేకపోతేనే మేలు. వేవ్, గెటవే, డార్ట్ 18లకు లేదు. హోబీ 16కు ఉంది, అదీ తక్కువ ఎత్తులో.

జిబ్ అంటే ముందరి చిన్న తెరచాప. మన చలికాలపు పల్చటి గాలికి ఇది కావాలి, మలుపు తిప్పడంలోనూ సాయపడుతుంది. చుట్టేసుకునే రోలర్ ఉంటే గాలి పెరిగినప్పుడు ఒక్క తాడు లాగి మూసేయొచ్చు. ట్రాపీజ్ (పడవ బయటికి వేలాడి బరువు వేయడానికి మాస్ట్ నుంచి వచ్చే తీగ), స్పిన్నకర్ (వెనక గాలికి ముందు ఎత్తే పెద్ద తెరచాప) మొదటి ఏడాది వద్దు.

ఎక్కడ నడపాలి? లక్నవరం, పాకాల, రామప్ప?

చూడ్డానికి అందమైనవన్నీ తెరచాపకు మంచివి కావు. లక్నవరం చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు. గాలి గుట్ట చాటున చచ్చిపోయి, సందులోకి రాగానే ఒక్కసారిగా కొడుతుంది. పైగా వేలాడే వంతెన తీగలు, పర్యాటకుల మోటారు బోట్లు. పాకాల అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖ మాటే చెల్లుతుంది. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ నగరానికి తాగునీరిచ్చే చెరువులు.

తెరచాపకు కావలసింది అడ్డులేని వెడల్పు. ఆ లెక్కన కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు, ఇంకా పెద్దదైన శ్రీరాంసాగర్ నయం. శ్రీరాంసాగర్‌లో గాలికి చాలా దూరం నీళ్లే కాబట్టి అలలు కూడా బాగా లేస్తాయి, అది నేర్చుకున్నాక వెళ్లాల్సిన చోటు.

ఏ జలాశయానికి వెళ్లినా ఒక పటం గీసుకోండి. మానేరు, గోదావరి తూర్పుకు పారుతాయి కాబట్టి కట్ట సాధారణంగా తూర్పు వైపు ఉంటుంది. వానకాలం గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. అంటే పడవ అదుపు తప్పితే గాలి దాన్ని తోసుకెళ్లేది నేరుగా కట్ట రాళ్ల మీదికి, గేట్ల మీదికి, మత్తడి మీదికి. అందుకే గాలి వచ్చే వైపున్న మూడో వంతు నీటిలోనే తిరగాలి. మత్తడి దుంకుతున్నప్పుడు, గేట్లు ఎత్తినప్పుడు, తూము పారుతున్నప్పుడు అటువైపు పోనే పోవద్దు. ఒకటిన్నర రెండు కిలోల మడత లంగరు, 30 మీటర్ల తాడు సంచిలో పెట్టి బీముకు కట్టి ఉంచండి. కట్ట వైపు కొట్టుకుపోతుంటే మిమ్మల్ని ఆపేది అదే.

అనుమతి ఎవరిని అడగాలి?

నీటి పారుదల శాఖ ఇంజనీరును మొదట అడగండి, పర్యాటక బోటింగ్ ఉన్నచోట దాన్ని నడిపేవారిని, అడవిలోని చెరువైతే అటవీ శాఖను. రాతపూర్వకంగా తీసుకోండి. కాగితం మీద లేకపోయినా తప్పనిసరి అనుమతి ఇంకొకటుంది: ఊరి మత్స్య సహకార సంఘం. వలలు ఎక్కడ వేశారో వాళ్లకే తెలుసు. నీళ్ల మీద వరుసగా థర్మాకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో తేలుతుంటే కింద వల ఉన్నట్టే. చుక్కాని తగులుకుంటే పడవ ఆగుతుంది, వాళ్ల వల చిరుగుతుంది. వల తగిలితే తెరచాప తాడు వదిలి, చుక్కాని పైకెత్తి విడిపించండి, కోయకండి.

ఏ కాలంలో గాలి బాగుంటుంది? ఎంత గాలి చాలు?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నికరమైన గాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున గాలి ఉండదు, మధ్యాహ్నం కాస్త లేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలిదుమారమే పెద్ద ప్రమాదం. మొగులు నల్లబడి, చల్లటి గాలి ఒక్కసారి తగిలిందంటే దుమారం దగ్గర్లోనే ఉంది. అది కనపడ్డాక కాదు, ఉరుము వినపడగానే ఒడ్డుకు రావాలి. అల్యూమినియం మాస్ట్ చెరువు మొత్తానికీ ఎత్తయిన వస్తువు, పిడుగుకు అదే మొదటి గురి.

గంటకు 13 నుంచి 22 కిలోమీటర్ల గాలి, అంటే 7–12 నాట్లు, నేర్చుకునేవారికి సరిపోతుంది. 9 కిలోమీటర్ల లోపు పడవ తేలుతూ ఉంటుందంతే. 28 దాటితే కొత్తవారు దిగొద్దు. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. నీళ్ల మీద తెల్లటి నురుగు తలలు అక్కడక్కడా కాక ఎటు చూసినా కనిపిస్తుంటే ఆ రోజుకు ఆగిపోండి. చేతిలో పట్టుకునే గాలి మీటరు ఒకటి కొనండి, ఫోన్‌లో చూపేది చెరువు మీది గాలి కాదు.

పాత పడవ కొంటున్నాం. ఏమేం చూడాలి?

మన దగ్గర కొత్తది దొరకడం కష్టం కాబట్టి చాలామంది క్లబ్బుల దగ్గరో, రిసార్టుల దగ్గరో వాడినదే కొంటారు. తెరచాప రంగు చూసి మోసపోవద్దు. ఈ వరుసలో చూడండి.

మొదట హల్ పైభాగం. ఫైబర్ పడవైతే ముందరి అడ్డబీముకు కాస్త ముందు బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే లోపలి ఫోమ్ నుంచి ఫైబర్ పొర ఊడిపోయిందని అర్థం. రూపాయి బిళ్లతో కొడుతూ పోండి: గట్టి చోట టంగుమంటుంది, ఊడిన చోట మొద్దు శబ్దం. అరచేతి కన్నా పెద్ద మెత్తన ఉంటే ఆ పడవ వదిలేయండి.

తర్వాత హల్ అడుగు. ఇసుక మీద ఏళ్ల తరబడి ఈడ్చిన పడవకు అడుగు అరిగి ఫైబర్ పోగులు బయటపడతాయి. పూత వేయించవచ్చు కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

నీరు కారుతుందో లేదో చూడటానికి, హల్‌కు గాలి రంధ్రం ఉంటే టేపుతో మూసి, వెనక డ్రెయిన్ రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో ఊదండి. అతుకుల మీద, బీములు కలిసే చోట సబ్బు నీళ్లు రాస్తే కారేచోట బుడగలొస్తాయి. టైర్ల కంప్రెసర్ పెట్టొద్దు, ఆ ఒత్తిడికి అతుకే విచ్చుకుంటుంది.

మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగల మీద గుడ్డతో తుడుస్తూ పోండి. గుడ్డ చిక్కుకున్న చోట పోగు తెగింది. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే, ఎందుకంటే మిగతావి కూడా అదే వయసువి. వయసు తెలియని తీగలైతే అన్నీ మార్చేయండి. మాస్ట్ పడిపోయిన ఘటనల్లో చాలావాటికి కారణం తీగ, లేకపోతే పిన్నుకు పెట్టే చిన్న రింగు.

ట్రాంపొలిన్ కుట్ల మీద గోటితో గీకండి. దారం పొడిలా రాలితే ఎండకు చివికిపోయింది. చుక్కాని పట్టుకుని అటూ ఇటూ ఊపితే వదులుగా కొట్టుకుంటోందా? బుషింగులు అరిగాయి, అవి చవకే. అల్యూమినియంలో స్టీలు రివెట్లు ఉన్నచోట తెల్లటి పొడి, బుడగలు ఉంటే లోపల తుప్పు తింటోంది. చివరగా తెరచాప ఒకసారి పూర్తిగా పైకెత్తి దించమని అమ్మేవారినే అడగండి. హోబీ 16లో తాడు మాస్ట్ కొసన కొక్కేనికి పడుతుంది. దించాలంటే కాస్త పైకి లాగి, కొక్కెం నుంచి తప్పించి, తర్వాత కిందికి లాగాలి. ఈ పని ఒడ్డున పదిసార్లు చేసి చేయి తిరిగాకే నీళ్లలోకి వెళ్లండి.

చెరువు దాకా తీసుకెళ్లడం ఎలా?

హోబీ 16 వెడల్పు 2.41 మీటర్లు. జోడించినది జోడించినట్టే తేవాలంటే ట్రైలర్ కావాలి, దానికి రిజిస్ట్రేషన్, వెనక లైట్లు తప్పవు. ట్రైలర్ లేకపోతే విడదీసి డీసీఎంలో వేయాలి. హల్‌లు 5 మీటర్ల పైచిలుకు కాబట్టి 17 అడుగుల బాడీ అడగండి. హల్‌ల కింద పాత టైర్లు వేయండి. మాస్ట్‌ను కేబిన్ మీదికి ఎక్కించి కడితే వెనక పొడుచుకొచ్చేది తగ్గుతుంది. అయినా ఎర్రగుడ్డ కట్టాలి, రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. విడదీసినది మళ్లీ జోడించడానికి ఇద్దరికి రెండు మూడు గంటలు పడుతుంది. ప్రతి ఆదివారం ఆ పని చేయలేరు, అందుకే చెరువు దగ్గరే నీడన పెట్టుకునే చోటు చూసుకున్నాకే పడవ కొనండి.

నీళ్లలోకి దించడానికి వెడల్పాటి గాలి చక్రాల బండి వాడండి. సన్న చక్రాలు నల్లరేగడి శిఖంలో ఇరుసు దాకా దిగబడతాయి. చక్రాలు దొరక్కపోతే ఆరు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి ముందుకు మారుస్తూ దొర్లించవచ్చు.

మాస్ట్ నిలబెట్టేటప్పుడు జాగ్రత్తలేంటి?

ముందు తలెత్తి చూడండి. చెరువు ఒడ్డు పొలాలకు మోటార్ల కరెంటు తీగలు ఎక్కడపడితే అక్కడ వేలాడుతుంటాయి. 11 కేవీ తీగను మాస్ట్ తాకనక్కర్లేదు, బాగా దగ్గరికొచ్చినా చాలు. ఈ ప్రమాదాల వల్లే కొన్ని హోబీ మాస్ట్‌ల పైభాగం కరెంటు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలైంది. కింది భాగం అల్యూమినియమే కాబట్టి ఆ ఒక్కదాని మీద భరోసా పెట్టుకోవద్దు. నిలబెట్టే చోటు నుంచి నీళ్ల దాకా దారంతా, మాస్ట్ పొడవుకు రెండింతల దూరంలో తీగ ఉండకూడదు.

డ్రెయిన్ ప్లగ్‌లు బిగించి, పక్క తీగలు రెండూ తగిలించి, మాస్ట్ అడుగు పిన్నుతో కలిపాక, ఒకరు ట్రాంపొలిన్ మీద నిలబడి వెనక నుంచి ముందుకు ఎత్తాలి, ఇంకొకరు ముందు నుంచి తాడుతో లాగాలి. ముందరి తీగ పిన్ను పెట్టి రింగు వేసేదాకా ఎవరూ చేయి వదలొద్దు. ప్రతి రింగు మీదా టేపు చుట్టండి.

బోల్తా పడితే?

పడుతుంది, అందుకే ముందే సాధన చేయాలి. మొదట తలలు లెక్కపెట్టండి. ఎవరూ పడవను వదిలి ఒడ్డుకు ఈదొద్దు. తెరచాపల తాళ్లన్నీ వదులు చేయండి, లేకపోతే లేచిన పడవ మళ్లీ పరుగందుకుంటుంది. ఒకరు ముక్కు దగ్గర నీళ్లలో వేలాడితే పడవ మెల్లగా గాలికి ఎదురు తిరుగుతుంది. పైనున్న హల్ మీదుగా తాడు వేసి, కింది హల్ మీద నిలబడి, ఇద్దరు కలిసి వెనక్కి వాలండి. హోబీ 16కు ఇద్దరి బరువు కలిపి 130–140 కిలోలు ఉండాలి. తెరచాపలోని నీళ్లు జారడానికి సమయం పడుతుంది, గుంజకుండా వాలి ఆగండి. లేస్తుండగానే ముందరి బీమును పట్టుకోవాలి, లేకపోతే అవతలి వైపు పడుతుంది.

మాస్ట్ బురదలో దిగబడితే, అందరూ ఒకే హల్ వెనక కొసకు చేరండి. బరువుకు ఆ కొస మునిగి పడవ ఒరుగుతుంది. లాగడానికి బోటు వస్తే తాడు అడ్డబీముకే కట్టాలి, మెల్లగా లాగాలి.

లైఫ్ జాకెట్ ఎలాంటిది?

జాకెట్ మనిషిని తేల్చే బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. ఈత వచ్చినవారికి 50 న్యూటన్ల రకం, దానితో పడవెక్కడం సులువు. రానివారికీ పిల్లలకూ మెడ పట్టీ, కాళ్ల మధ్య పట్టీ ఉన్న 100 న్యూటన్లది. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి, చెవుల దాకా వస్తే అది వారికి పెద్దది.

ఇదే పడవను సూర్యలంక సముద్ర తీరానికి తీసుకెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ చెరువు నేర్పిన చదువు అక్కడ సగమే పనికొస్తుంది. ఒడ్డున విరిగే అలల్లోంచి పడవను దాటించడం వేరే విద్య, తెలిసినవారు పక్కన ఉండాలి. వానకాలంలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల రోజుల్లోనూ వద్దు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు బయల్దేరే ముందు చూడండి. తిరిగొచ్చాక ప్రతి పిన్ను, ప్రతి కప్పీ మంచినీళ్లతో కడగాలి.

నేర్చుకోవడం ఎక్కడ?

హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ శిక్షణ ఇస్తుంది. ఒక హల్ ఉన్న చిన్న పడవ మీద గాలి దిశ, మలుపులు నేర్చుకుని వస్తే కాటమరాన్‌కు మిగిలేది కొంచెమే. ముఖ్యంగా మలుపు: వేగం ఉండగానే తిప్పాలి, జిబ్‌కు వెనక గాలి పట్టి ముక్కు అవతలికి తిరిగాకే దాని తాడు మార్చాలి. తొందరపడి మారిస్తే పడవ గాలికెదురుగా నిలబడిపోతుంది.

ఎండకాలం ఎలా దాచాలి?

డ్రెయిన్ ప్లగ్‌లు తీసేయండి. 44 డిగ్రీల ఎండకు హల్ లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విచ్చుకుంటాయి. ప్లాస్టిక్ హల్‌లు వేడికి మెత్తబడి, కింద ఆనిక ఇరుకుగా ఉంటే సొట్టపడతాయి. వెడల్పాటి ఫోమో, రెండు మూడు టైర్లో వేయండి. నీడ తప్పనిసరి. తెరచాపను ఆరబెట్టి చుట్టి ఇంట్లో పెట్టండి, షెడ్డులో ఎలుకలు గూడు కడతాయి. కోతులున్న ఊరైతే తాళ్లు, ట్రాంపొలిన్ కూడా విప్పి లోపల పెట్టాల్సిందే. నాలుగు మూలలా నేలలో మేకులు దించి పడవను కట్టేయండి, మే నెల దుమారం ఖాళీ పడవను ఎత్తి పడేస్తుంది.